స్వరం ఒకరిది, సొత్తు మరొకరిది: స్నూప్ డాగ్ ‘డెడ్ మ్యాన్ వాకిన్’ (2000) ఆల్బం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికన్ ర్యాప్ గాయకుడు స్నూప్ డాగ్ 1998లో డెత్ రో రికార్డ్స్ సంస్థను విడిచిపెట్టారు. అంతకుముందు ఆ సంస్థ కోసం పాడిన, అప్పటివరకు విడుదల కాని పాటలను కూర్చి ఆ సంస్థ 2000 అక్టోబరులో ‘డెడ్ మ్యాన్ వాకిన్’ అనే ఆల్బంను ఆయన అనుమతి లేకుండా వెలువరించింది. ఈ ఆల్బంను గాయకుని కృతిగా పరిగణించాలా, సంస్థ కృతిగా పరిగణించాలా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. తొలి ప్రకటన హక్కు, మాస్టర్ టేపుల యాజమాన్యం, డెత్ రో సంస్థ చరిత్ర అనే మూడు కోణాల నుండి ఈ ప్రశ్నను పరిశీలిస్తూ, పాఠపరిష్కరణ శాస్త్రంలోని పరిభాష ఇక్కడ ఎంతవరకు ఉపకరిస్తుందో చూపడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ర్యాప్, డెత్ రో రికార్డ్స్, మాస్టర్ టేపులు, కాపీరైట్, తొలి ప్రకటన హక్కు, పాఠపరిష్కరణ, ధ్వని భాండాగారం.

1. ఉపోద్ఘాతం:

2000 అక్టోబరు 31, మంగళవారం నాడు అమెరికాలోని సంగీత దుకాణాలలోకి ‘డెడ్ మ్యాన్ వాకిన్’ అనే ర్యాప్ ఆల్బం వచ్చింది. అందులో వినిపించే గొంతు స్నూప్ డాగ్‌ది. పాటలు ఆయన పాడినవే. అయితే ఆ పాటలను ఒక ఆల్బంగా తేవాలని ఆయన సంకల్పించలేదు, తేవడానికి సమ్మతించనూ లేదు. అప్పటికి ఆయన డెత్ రో సంస్థను వదిలి రెండేళ్లు దాటింది. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన నో లిమిట్ రికార్డ్స్ పక్షాన 1998లో ఒకటి, 1999లో ఒకటి చొప్పున రెండు ఆల్బంలు కూడా వెలువడ్డాయి. మూడవదైన ‘ద లాస్ట్ మీల్’ 2000 డిసెంబరు 19న రానుంది. అంటే పాత సంస్థ తెచ్చిన ఆల్బంకూ, గాయకుడు స్వయంగా తెచ్చిన ఆల్బంకూ మధ్య ఎడం సరిగ్గా ఏడు వారాలు.

స్నూప్ కృతుల జాబితాలలో ఈ ఆల్బంను సాధారణంగా సంకలనాల కింద చేర్చి ఊరుకుంటారు. స్టూడియో ఆల్బంల వరుసలో ‘ద లాస్ట్ మీల్’కు ఐదవ స్థానం దక్కుతుంది, ‘డెడ్ మ్యాన్ వాకిన్’కు ఏ స్థానమూ దక్కదు. ఈ వర్గీకరణ గాయకుని పట్ల న్యాయంగానే కనిపిస్తుంది కానీ చరిత్రకారునికి చాలదు. సంకలనం అనగానే ఎవరు సంకలించారు, ఏ అధికారంతో సంకలించారు, ఎందుకు అప్పుడే సంకలించారు అనే ప్రశ్నలు వస్తాయి. ప్రాచీన కావ్యాల విషయంలో ఈ ప్రశ్నలు అడగకుండా మన పరిశోధకులు ఒక్క అడుగు కూడా వేయరు. జనరంజక సంగీతం దగ్గరకు వచ్చేసరికి వాటిని అడగడం అనవసరమన్న భావన ఎందుకో మన విశ్వవిద్యాలయాలలో ఇంకా మిగిలే ఉంది.

2. డెత్ రో రికార్డ్స్ – మనుషులు పోయి టేపులు మిగిలిన సంస్థ:

డెత్ రో రికార్డ్స్ 1991లో లాస్ ఏంజెలెస్‌లో ఏర్పడింది. సంగీత నిర్మాత డాక్టర్ డ్రే, వ్యవహర్త షుగ్ నైట్ స్థాపకులలో ముఖ్యులు. 1992 డిసెంబరులో డ్రే పేరిట వచ్చిన ‘ద క్రానిక్’ ఆల్బం పశ్చిమ తీరపు ర్యాప్‌కు ఒక నిశ్చితమైన శబ్దరూపాన్ని ఇచ్చింది. ఆ ఆల్బంలో ఎక్కువగా ఆకట్టుకున్న కొత్త గొంతు లాంగ్ బీచ్ నుండి వచ్చిన స్నూప్ డాగీ డాగ్‌ది. నింపాదిగా, గొంతు పెంచకుండా, దాదాపు ఇంట్లో మాట్లాడుకుంటున్నట్టు సాగే ఉచ్చారణ ఆయన ప్రత్యేకత. 1993 నవంబరు 23న వెలువడిన ఆయన తొలి ఆల్బం ‘డాగీస్టైల్’ బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి వారమే ప్రథమ స్థానం పొందింది.

తరువాతి పతనం వేగంగా జరిగింది. 1996 మార్చిలో డ్రే సంస్థను వదిలి ఆఫ్టర్‌మాత్ అనే సొంత సంస్థను ప్రారంభించారు. అదే ఏడాది సెప్టెంబరు 7న లాస్ వేగాస్‌లో టూపాక్ షకూర్‌పై కాల్పులు జరిగాయి, 13న ఆయన మరణించారు. 1997 ఫిబ్రవరిలో షర్తులు ఉల్లంఘించినందుకు షుగ్ నైట్‌కు తొమ్మిదేళ్ల జైలు శిక్ష పడింది, 2001లో గాని ఆయన విడుదల కాలేదు. పంపిణీ భాగస్వామి అయిన ఇంటర్‌స్కోప్ సంబంధం తెంచుకుంది. 1998లో స్నూప్ వెళ్లిపోయారు. వెళుతూ పేరులోని ‘డాగీ’ని కూడా వదిలేసి స్నూప్ డాగ్ అయ్యారు.

దీనితో ఆ సంస్థ స్థితి విచిత్రంగా మారింది. ఖ్యాతి తెచ్చిన నిర్మాత లేడు, ప్రధాన గాయకులలో ఒకరు మరణించారు, మరొకరు ప్రత్యర్థి సంస్థలో ఉన్నారు, యజమాని జైలులో ఉన్నారు. మిగిలినవి టేపులు. 1992–1997 మధ్య ఆ సంస్థ స్టూడియోలలో ముద్రితమై, ఆల్బంలలో చేరకుండా అరలలో ఉండిపోయిన పాటలే 1990ల చివరికి దాని ప్రధాన ముడిసరుకు అయ్యాయి. కొత్త పాట పుట్టించలేని సంస్థకు పాత పాటలను తవ్వి తీయడమే ఉత్పత్తి అయింది.

1999 మేలో ఆ సంస్థ ‘క్రానిక్ 2000’ పేరుతో ఒక సంకలనం తెచ్చింది. డ్రే తన రెండవ ఆల్బంకు అనుకున్న పేరు అదే. పాత సంస్థ ముందుగా ఆ పేరును వాడుకోవడంతో ఆయన తన ఆల్బంను ‘2001’ అన్న పేరుతో 1999 నవంబరులో విడుదల చేశారు. అందుకే 1999లో వచ్చిన ఆల్బంకు 2001 అన్న పేరు ఉంటుంది. ఈ ఉదంతాన్ని మనసులో పెట్టుకొని ‘డెడ్ మ్యాన్ వాకిన్’ విడుదల తేదీని చూస్తే, ఏడు వారాల ఎడం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. వెళ్లిపోయిన కళాకారుని కొత్త కృతికి ముందు నిలబడి, అతని పేరు మీద వచ్చే గిరాకీలో తన వాటా తాను తీసుకోవడం అప్పటికే ఆ సంస్థకు అలవాటైన పద్ధతి.

3. శీర్షిక – తీర్పుగా మారిన పేరు:

డెత్ రో అంటే మరణశిక్ష పడిన ఖైదీలను ఉంచే జైలు విభాగం. ‘డెడ్ మ్యాన్ వాకింగ్’ అన్నది అమెరికా జైళ్లలోని పలుకుబడి. శిక్ష పడిన ఖైదీని నడిపించుకు వెళ్లేటప్పుడు వినవచ్చే కేక అది. మరణశిక్షను వ్యతిరేకించే క్రైస్తవ సన్యాసిని హెలెన్ ప్రెజాన్ 1993లో రాసిన పుస్తకం, దాని ఆధారంగా 1995లో వచ్చిన చలనచిత్రం ఈ పలుకుబడిని జైలు గోడల బయట కూడా పరిచితం చేశాయి.

సంస్థ పేరు, ఆల్బం పేరు పక్కపక్కన చదివితే వాక్యం పూర్తవుతుంది. డెత్ రో నుండి నడిచి వెళ్లినవాడు నడుస్తున్న శవం. ఈ మాట గాయకుడు తన గురించి తాను అన్నది కాదు, అతని గొంతుకు అట్టగా సంస్థ వేసినది. ఆల్బంలోని పాటల మాటలు ఎవరివైనా శీర్షిక మాత్రం నిస్సందేహంగా యజమాని మాట. ఒక కవి రాతప్రతిని అతని అనుమతి లేకుండా అచ్చువేసి, పై అట్ట మీద అతనికి చరమగీతం రాస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఏడు వారాల తరువాత వచ్చిన స్నూప్ ఆల్బం పేరు ‘ద లాస్ట్ మీల్’ – చివరి భోజనం. మరణశిక్ష అమలుకు ముందు ఖైదీకి పెట్టే భోజనాన్ని కూడా అలాగే అంటారు. నో లిమిట్ సంస్థతో ఇది తన ఆఖరి ఆల్బం అనీ, తన శ్రమ మీద ఇతరులు తినే చివరి కూడు అనీ దానికి సాధారణంగా చెప్పే అర్థం. రెండు శీర్షికలలో ఒకటి మరొకదానికి జవాబని చెప్పడానికి ఆధారం లేదు, ఆ అవసరమూ లేదు. వెళ్లిపోయినవాడు, వదలని సంస్థ ఇద్దరూ ఒకే ఉపమానంలో మాట్లాడుకోవలసి వచ్చిందన్నదే గమనించవలసింది. ఆ ఉపమానాన్ని 1991లో సంస్థకు పేరు పెట్టినప్పుడే నిర్ణయించారు.

4. తొలి ప్రకటన హక్కు ఎవరిది?

రచయిత తన రచనను ఎప్పుడు, ఏ రూపంలో లోకానికి ఇవ్వాలో తానే నిర్ణయించుకోవాలన్న భావన సాహిత్యరంగంలో పాతుకుపోయినది. ఫ్రెంచి చట్టం దీనిని రచయిత నైతిక హక్కులలో ఒకటిగా, ప్రకటన హక్కు పేరుతో విడిగా గుర్తించింది. అమెరికా న్యాయవ్యవస్థ కూడా దీని విలువను ఎరుగును. మాజీ అధ్యక్షుడు ఫోర్డ్ స్వీయచరిత్ర అచ్చు కాకముందే అందులోని భాగాలను ఒక పత్రిక ప్రచురించిన వివాదంలో, తొలి ప్రచురణ హక్కు కాపీరైట్‌లో అంతర్భాగమని 1985లో ఆ దేశపు సుప్రీంకోర్టు నొక్కి చెప్పింది.

అయితే అమెరికాలో ఆ హక్కు రచయితను అంటిపెట్టుకొని ఉండదు, కాపీరైట్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది. కాపీరైట్ ఎటు పోతే హక్కు అటు పోతుంది. రికార్డింగ్ ఒప్పందాలలో ఒప్పంద కాలంలో ముద్రించిన ప్రతి శబ్దం, విడుదలైనా కాకపోయినా, సంస్థ సొత్తు అని రాయడం పరిపాటి. స్టూడియో ఖర్చు, అడ్వాన్సు గాయకుని రాయల్టీ నుండే రాబట్టుకుంటారు, అయినా ఆ ఖర్చుతో తయారైన మాస్టర్ టేపు మాత్రం గాయకునిది కాదు. ఇల్లు కట్టినవాడు కూలీ ఇచ్చిపుచ్చుకొని పోవడం లాంటిది కాదిది. కట్టిన ఖర్చు కూడా తానే భరించి తాళం చెవి మరొకరికి ఇచ్చి పోవడం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఒక పాటలో రెండు కాపీరైట్‌లు ఉంటాయి. ఒకటి మాటలకూ బాణీకీ, రెండవది శబ్దముద్రణకు. శబ్దముద్రణకు అమెరికాలో సమాఖ్య చట్టరక్షణ 1972 ఫిబ్రవరి 15 నుండి మాత్రమే ఉంది. మాటలు రాసినవాని అనుమతి లేకపోయినా నిర్ణీత రుసుము చెల్లించి ఆ పాటను మళ్లీ రికార్డు చేసి అమ్ముకొనే వెసులుబాటు 1976 చట్టంలోని 115వ సెక్షన్‌లో ఉంది. కానీ అది హక్కుదారు అనుమతితో పాట ఒకసారి వెలువడిన తరువాతనే వర్తిస్తుంది. అంటే విడుదల కాని పాట విషయంలో గీతరచయితకు సిద్ధాంతరీత్యా ఒక తలుపు మిగిలి ఉంది. మొదటిసారి వద్దనగల హక్కు ఆయనకుంది. ఆచరణలో ఆ తలుపును కూడా ఒప్పందాలే మూసివేశాయి. గాయకుడు స్వయంగా రాసిన పాటలకు తొలి అనుమతిని, అదీ తగ్గించిన రుసుముకు, సంతకం నాడే రాయించుకొనే షరతు పరిశ్రమలో మామూలు.

1999–2000లలో ఈ యాజమాన్య ప్రశ్న అమెరికన్ కాంగ్రెసు దాకా వెళ్లింది. 1999 నవంబరులో ఉపగ్రహ టెలివిజన్‌కు సంబంధించిన ఒక పెద్ద చట్టంలో, శబ్దముద్రణలను ‘నియోగించి చేయించిన కృతుల’ జాబితాలో చేర్చే చిన్న సవరణ కలిసిపోయింది. అది నిలబడి ఉంటే, 35 ఏళ్ల తరువాత తమ ముద్రణల హక్కులను తిరిగి కోరే అవకాశం గాయకులకు మూసుకుపోయేది. గాయకుల నిరసన వల్ల ఆ సవరణను రద్దుచేసే చట్టం వచ్చింది. దానిపై అధ్యక్షుని సంతకం పడిన తేదీ 2000 అక్టోబరు 27. నాలుగు రోజులకు ‘డెడ్ మ్యాన్ వాకిన్’ విడుదలైంది. రెండింటికీ కార్యకారణ సంబంధం ఏదీ లేదు. అయినా ఒకే వారంలో వాషింగ్టన్‌లో గాయకులు గెలుచుకున్నదేమిటో, లాస్ ఏంజెలెస్‌లో ఒక గాయకునికి దక్కనిదేమిటో పక్కపక్కన కనిపిస్తాయి. వారు గెలుచుకున్నది 35 ఏళ్ల తరువాతి హక్కు. ఆయనకు లేనిది ఆనాటి హక్కు.

నైతిక హక్కులు ఈ లోటును పూడ్చగలవా? బెర్న్ ఒడంబడికలో 1928లో చేరిన నైతిక హక్కుల నిబంధన పేరును గుర్తించాలంటుంది, కృతిని వికృతం చేయరాదంటుంది. అమెరికా ఆ ఒడంబడికలో 1989లో చేరింది, 1990లో దృశ్యకళలకు మాత్రమే పరిమితమైన ఒక చట్టం చేసుకుంది. సంగీతానికి అందులో చోటు లేదు. మన దేశంలో 2012 సవరణ ద్వారా కాపీరైట్ చట్టంలోకి వచ్చిన 38బి సెక్షన్ ప్రదర్శకునికి ఇటువంటి నైతిక హక్కులను ఇచ్చింది. అవి కూడా పేరుకు, వికృతీకరణకు సంబంధించినవే. ‘ఇది బయటికి రావడం నాకు ఇష్టం లేదు’ అనే అభ్యంతరానికి వాటిలో స్పష్టమైన మాట లేదు.

5. పూర్వ ఉదాహరణలు:

డెత్ రో చేసినది కొత్త పని కాదు. 1973లో బాబ్ డిలన్ కొలంబియా సంస్థను వదిలి అసైలం సంస్థకు వెళ్లినప్పుడు, కొలంబియా ఆ నవంబరులో ‘డిలన్’ పేరుతో ఒక ఆల్బం విడుదల చేసింది. అందులోని పాటలు 1969–70 నాటి ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’, ‘న్యూ మార్నింగ్’ ఆల్బంల కోసం పాడి పక్కన పెట్టినవి. దాదాపు అన్నీ ఇతరుల పాటలే. డిలన్ ప్రమేయం అందులో లేదు. ఆయన అసైలం ఆల్బం ‘ప్లానెట్ వేవ్స్’ 1974 జనవరిలో వచ్చింది. వెళ్లిపోయిన గాయకుడు, అరలోని టేపులు, పోటీగా దగ్గర తేదీలు – 2000 నాటి కథ మొత్తం ఇక్కడే ఉంది.

డిలన్ ఉదాహరణలో మరొక పాఠం ఉంది. 1969లోనే ‘గ్రేట్ వైట్ వండర్’ అనే దొంగముద్రణ డిస్కు ద్వారా ఆయన విడుదల కాని పాటలు శ్రోతల చేతికి చేరాయి. అది చట్టవిరుద్ధం, కానీ దానిలో గాయకుని పట్ల పగ లేదు. ఎవరో అభిమానుల ఆత్రుత, దాని వెంట కొంత వ్యాపారం. 1973 ఆల్బం పూర్తిగా చట్టబద్ధం, అయినా గాయకుని ఇచ్ఛకు అదే ఎక్కువ విరుద్ధం. చట్టబద్ధత, సమ్మతి రెండూ ఒకటి కావని ఈ రెండు డిస్కులు తేటతెల్లం చేస్తాయి. చాలా సంగీత చరిత్రలు ‘అనధికార’ అన్న ఒకే మాటతో రెండింటినీ కలిపి చెప్పడం వల్ల ఈ తేడా మరుగున పడుతోంది. డిలన్ త్వరలోనే కొలంబియాకు తిరిగి వచ్చారు. 1991 నుండి అదే సంస్థ ఆయన విడుదల కాని పాటలను ‘బూట్‌లెగ్ సిరీస్’ పేరిట, ఆయన సమ్మతితో సంపుటాలుగా తెస్తోంది. సంస్థ మారలేదు, టేపులు మారలేదు, సమ్మతి ఒక్కటే మారింది.

ప్రిన్స్ ఉదంతం మరొక తీరు. వార్నర్ సంస్థతో ఆయన వివాదం ప్రసిద్ధం. ఒప్పందం తీర్చుకోవడానికి ఆయన 1996లో అప్పగించిన పాటలను సంస్థ 1999లో ‘ద వాల్ట్: ఓల్డ్ ఫ్రెండ్స్ 4 సేల్’ పేరుతో వెలువరించింది. ఇందులోని పాటలు మొదట వ్యక్తిగత వినియోగానికి ఉద్దేశించినవన్న గమనిక ఆ డిస్కుతోనే వచ్చింది. ఇక్కడ సమ్మతి ఉంది, కానీ అప్పు తీర్చేవాని సమ్మతి.

టూపాక్ మరణానంతర ఆల్బంలు ఈ వరుసకు కొంత భిన్నమైనవి. ఆయన తల్లి అఫెనీ షకూర్ డెత్ రో సంస్థతో వివాదం నడిపి, విడుదల కాని పాటల మీద పట్టు సంపాదించారు. 1997 నవంబరులో తన సంస్థ అమారు ద్వారా ‘ఆర్ యు స్టిల్ డౌన్?’ ఆల్బంను తెచ్చారు. చనిపోయినవారి విషయంలో వారసులు ఒక రకమైన సమ్మతిని ఇవ్వగలరు. కాఫ్కా తన రాతలు తగలబెట్టమంటే మిత్రుడు బ్రాడ్ వాటిని అచ్చువేశారన్న ప్రసిద్ధ దృష్టాంతాన్ని ఈ సందర్భంలో తరచు ఉదహరిస్తారు. స్నూప్ విషయంలో ఆ దృష్టాంతం పనికిరాదు. 2000 అక్టోబరులో ఆయన వయసు 29. సజీవంగా, అదే నగర ప్రాంతంలో, కొత్త పాటలు పాడుతూ ఉన్నారు. అడిగితే జవాబు చెప్పగల మనిషి గొంతును మరణానంతర సాహిత్యంలా ప్రచురించారు. ఆల్బం శీర్షిక ఆ మాటే పైకి అంటోంది.

6. పాఠపరిష్కరణ దృష్టి:

రాతప్రతితో పోల్చితే ర్యాప్ టేపు మరింత చిక్కైన ఆధారం. పాట ఒకే కాగితం మీద ఉండదు. వాద్యభాగం, అంటే బీట్, ఒక నిర్మాత కూర్చుతారు. గాయకుని స్వరం విడి ట్రాకులలో ముద్రితమవుతుంది. ఆ స్వరాన్ని తీసి వేరొక బీట్ మీద పరచవచ్చు. ఒకరి చరణం తొలగించి మరొకరి చరణం చేర్చవచ్చు. 2004లో వచ్చిన టూపాక్ ఆల్బం ‘లాయల్ టు ద గేమ్’లో పాత స్వరానికి ఎమినెమ్ కొత్త వాద్యం కూర్చారు. పాట వయసు ఎంత అని అడిగితే స్వరానికి ఒక వయసు, సంగీతానికి ఒక వయసు చెప్పవలసి ఉంటుంది. కాబట్టి విడుదల కాని ర్యాప్ పాటను పూర్తయిన పాఠంగా భావించడం పొరపాటు. అది చాలాసార్లు పాఠానికి పనికివచ్చే సామగ్రి మాత్రమే.

పాట విడుదల కాకపోవడానికి కారణాలు కూడా అనేకం. గాయకునికి నచ్చకపోవచ్చు. నిర్మాతకు నచ్చకపోవచ్చు. ఆల్బం స్వభావానికి పొసగకపోవచ్చు. పాత పాటల నుండి తీసుకున్న ముక్కలకు అనుమతి దొరకకపోవచ్చు. 1991లో ఒక న్యూయార్క్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తరువాత అనుమతి లేని ముక్కలు వాడడం ప్రమాదకరమని పరిశ్రమ గ్రహించింది. మంచి పాటే అయినా తరువాతి ఆల్బంకు దాచి ఉంచవచ్చు. ఈ కారణాలలో కొన్ని సౌందర్యపరమైన తీర్పులు, కొన్ని వ్యాపార అవసరాలు. అనుమతి లేని సంకలనం వీటన్నిటినీ ఒకే వరుసలో నిలబెడుతుంది. వద్దనుకొని వదిలేసిన పాటా, దాచుకున్న పాటా వినేవారికి ఒకే హోదాతో వినిపిస్తాయి.

మన పరిష్కర్తలు ప్రతుల మధ్య భేదం కనిపిస్తే పాఠాంతరాలను అడుగున చూపి, తాము స్వీకరించిన పాఠానికి కారణం చెబుతారు. చెప్పకపోతే ఆ ప్రతిని మనం విశ్వసించం. వాణిజ్య ఆల్బం అటువంటి బాధ్యత తీసుకోదు. అయినా అది కూడా ఒక పరిష్కృత ప్రతే. ఎంపిక, క్రమం, శీర్షిక, తేదీ అనే నాలుగు నిర్ణయాలు లేకుండా ఏ ఆల్బమూ లేదు. ‘డెడ్ మ్యాన్ వాకిన్’లో ఆ నాలుగూ సంస్థవే. స్వరం, ఉచ్చారణ, లయ మీద పట్టు గాయకునివి. కనుక ఈ ఆల్బంను ప్రక్షిప్తం అని తోసిపుచ్చలేం. ప్రక్షిప్తం అంటే కర్త రాయనిది కర్త పేర చేరడం. ఇక్కడ ప్రతి మాటా కర్తదే. కర్త గ్రథించని గ్రంథం అనడం సముచితం.

ఈ విభజన ఊరికే పరిభాష కోసం కాదు. స్నూప్ కళావికాసాన్ని అధ్యయనం చేసేవారు ఈ ఆల్బంను 2000 నాటి సాక్ష్యంగా తీసుకుంటే దారి తప్పుతారు. 1998 తరువాత ఆయన ఉచ్చారణలో, సంగీత సహచరులలో వచ్చిన మార్పులు ఇందులో కనిపించవు, కనిపించకపోవడం వల్ల ఆయన వెనక్కి వెళ్లారన్న తప్పుడు భావన కలుగుతుంది. పాటలను ముద్రణ కాలానికి, సంకలనాన్ని విడుదల కాలానికి విడివిడిగా కట్టుబెట్టాలి. పాటలు 1990ల మధ్య నాటి స్నూప్ చరిత్రకు ఆధారం. ఆల్బం 2000 నాటి డెత్ రో చరిత్రకు ఆధారం. గ్రంథాలయ సూచికలో కర్త స్థానంలో గాయకుని పేరు ఒక్కటే రాసి, సంస్థను ప్రచురణకర్త గడిలో పెట్టి సరిపెట్టడం ఈ ఆల్బం విషయంలో సత్యదూరం. సంకలనకర్త గడి ఒకటి నింపాలి. అందులో సంస్థ పేరే రాయాలి.

7. టేపుల తరువాతి ప్రయాణం:

తన వాటా విషయంలో ముందుచూపు చూపిన వ్యక్తి డ్రే. 1996లో సంస్థను వదులుతున్నప్పుడు చేసుకున్న ఒప్పందం పాత ఆల్బంలను ఆనాటికి వాడుకలో ఉన్న రూపాలలో మాత్రమే అమ్ముకోనిస్తుందని, డిజిటల్ విక్రయాలకు అది వర్తించదని 2011లో ఒక సమాఖ్య న్యాయస్థానం ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఒక షరతులోని మాటలు ‘ద క్రానిక్’ డిజిటల్ భవిష్యత్తును నిర్ణయించాయి.

సంస్థ మాత్రం చేతులు మారుతూ పోయింది. స్థాపనలో తనకు వాటా ఉందన్న ఒకరి వ్యాజ్యంలో 2005లో 10 కోట్ల 70 లక్షల డాలర్ల తీర్పు దానికి వ్యతిరేకంగా వచ్చింది. 2006 ఏప్రిల్‌లో డెత్ రో దివాలా రక్షణ కోరింది. 2009 జనవరిలో కెనడాకు చెందిన వైడ్‌అవేక్ 1 కోటి 80 లక్షల డాలర్లకు దానిని కొనుక్కొని, ఆ ఏడాదే స్నూప్ పాత పాటలతో ‘ద లాస్ట్ సెషన్స్’ మొదటి సంపుటాన్ని తెచ్చింది. యజమాని మారినా టేపుల వినియోగం మారలేదు. వైడ్‌అవేక్ కూడా చితికిపోగా ఆస్తులు ఈవన్ సంస్థకు చేరాయి. ఈవన్ మాతృసంస్థను 2019లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొన్నది. 2021లో సంగీత విభాగం బ్లాక్‌స్టోన్ పెట్టుబడి సంస్థకు పోయి, ఎమ్ఎన్ఆర్‌కె అన్న పేరు పొందింది. లాంగ్ బీచ్ యువకుని గొంతు కొంతకాలం పిల్లల ఆటబొమ్మల వ్యాపారి ఖాతాలో ఆస్తిగా ఉన్నది.

2022 ఫిబ్రవరిలో డెత్ రో పేరును స్నూప్ డాగ్ స్వయంగా కొన్నారు. అదే నెల ‘బాక్ ఆన్ డెత్ రో’ అన్న అర్థం వచ్చే పొట్టి పేరుతో ‘బి.ఒ.డి.ఆర్.’ ఆల్బం తెచ్చారు. కొన్ని వారాలలోనే ఆ సంస్థ పాత ఆల్బంలు స్ట్రీమింగ్ వేదికల నుండి అదృశ్యమయ్యాయి. 2023లో తిరిగి వచ్చాయి. 2000లో తనకు లేని అధికారాన్ని, అంటే పాట ఉండాలో ఉండకూడదో, ఎప్పుడు ఉండాలో చెప్పే అధికారాన్ని ఆయన ఏడాదిపాటు పూర్తిగా వినియోగించారు. అయితే ఆ సంస్థ అరలలోకి చేరిన గొంతు ఆయనదొక్కటే కాదు. 1990లలో డెత్ రో కోసం పాడిన ఇతర గాయకులూ ఉన్నారు. వారిలో కొందరు జీవించి ఉన్నారు. 1998లో స్నూప్ వదిలి వెళ్లిన టేపుల విషయంలో షుగ్ నైట్ సంస్థ ఏ స్థానంలో నిలిచిందో, వారి టేపులు ఎంతవరకు ఆయన చేతికి వచ్చాయో అంతవరకు ఇప్పుడు స్నూప్ ఆ స్థానంలోనే ఉన్నారు.